నడుస్తుండగా చూడమన్న మా సారు

మా సారు ఇక లేరన్న సమాచారం పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు ద్వారా అందింది. ఆయన శిక్షణకు లోబడి దాన్ని వెంటనే నమ్మకుండా, కాశిబుగ్గలోని వారింటికి ఫోన్ చేశాను. "నిజమే బిడ్డా," అన్నారు, మేమంతా అమ్మా అని పిలిచే సారు భార్య. ఆయన నేర్పిన తనిఖీల్లో, సమాచారం తప్పని తేలాలని నేను కోరుకున్నది ఇదొక్కటే.

పాఠకులకు మనవి: వెబ్ సర్వీసులు నడుస్తుండగానే వాటి నడవడిక సరిగా ఉందో లేదో గమనించే విద్య సారు మాకు చెప్పారు. విడుదలకు ముందు చేసే పరీక్షలు పెళ్లిచూపుల వంటివని, అసలు సంగతి కాపురంలోనే తెలుస్తుందని ఆయన నిశ్చితాభిప్రాయం. తరగతిలో "సమజైందా?" అని అడిగేవారు. "అయింది సార్" అన్నవాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచేవారు. మేము క్రమంగా "కాలేదు సార్" అనడం నేర్చుకున్నాం. అప్పుడూ పిలిచేవారు.

ఒక మిర్చి సీజన్లో, రైతులు తమ సరుకు తూకానికి ఫోన్లోనే కాంటా వేళ బుక్ చేసుకునే సర్వీసును ఒక మార్కెట్ యార్డులో ప్రారంభించారు. దాని పక్కన సారు మాచేత ఒక చిన్న కాపలా ప్రోగ్రామ్ పెట్టించారు. ఒకే కాంటాను ఒకే వేళకు ఇద్దరికి ఇస్తే అరవడం దాని విధి. రిబ్బన్ కత్తిరించిన కాసేపటికే అది విధుల్లో చేరింది. నెక్కొండ నుంచి ట్రాలీతో వచ్చిన రైతుకూ, మరొకరికీ ఒకే కాంటా ఒకే వేళకు ఖరారైంది. సర్వీసు ఇద్దరికీ అభినందనలు కూడా పంపింది.

సారు ఆపమన్నారు. సర్వీసు తయారుచేసిన కంపెనీ మేనేజర్ బెంబేలెత్తాడు.

"ఇప్పుడాపితే ఇజ్జత్ పోతది సార్! మా ల్యాబుల అన్ని టెస్టులు పాసైనయ్."

"పాసైంది ల్యాబుల, నడుస్తాంది ఈడ. ఆపు తమ్మీ."

"పెద్దసార్లకేం చెప్పాలె?"

"నేనే ఆపిచ్చిన్నని చెప్పు."

ఆ మాటకు అక్కడున్న విద్యార్థులమందరం, ఎటువంటి ఉత్తర్వూ లేకుండానే, ఛాతీ విరుచుకున్నాం.

నెక్కొండ రైతుకు మా ఛాతీలతో పనిలేదు. "సారూ, మబ్బు పట్టింది. నా మిర్చి ఇయ్యాల కాంటకెక్కుతదా, ఎక్కదా? తడిస్తె ఎవడు కొంటడే?"

"ఎక్కెదాక నేనీడనే ఉంటనే. ఫికర్ చెయ్యకు."

కంపెనీవారు లోపం సరిచేసేదాకా సారే గేటు దగ్గర నిలబడి, ఎవరి వంతు ఎప్పుడో నోటితో చెప్పి పంపారు. సర్వీసు మళ్లీ మొదలయ్యాక మేమంతా ఇక వెళ్దామన్నాం. ఆయన కదల్లేదు.

మొదటి చినుకులు రేకుల మీద పడేవేళకు నెక్కొండ రైతు ఆఖరి బస్తా కాంటా ఎక్కుతోంది. ల్యాప్‌టాప్‌ను మిర్చి బస్తాల మీద పెట్టుకుని, ముక్కుకు రుమాలు అడ్డుపెట్టి తుమ్ముతూ, సారు తెర వైపే చూస్తున్నారు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. అవి కేవలం మిర్చి ఘాటువేనని మాకు అధికారికంగా తెలియజేశారు.