గుడ్డు పడని పిల్ల, గద్వాల డాక్టరమ్మ

గద్వాల పిల్లల డాక్టరమ్మ పోయిన వారం చనిపోయారు. గట్టు ఊరి నుంచి గద్వాల వెళ్లే బస్సులో కండక్టరు టికెట్టు చింపుతూ ఈ మాట చెప్పాడు. అతని పిల్లలకూ ఆమే డాక్టరు. బస్సులో సగం మందికి ఆమె గురించి ఏదో ఒకటి చెప్పాలనిపించింది. మా పిల్ల ప్రాణం ఆమె నిలబెట్టిందే అయినా నేను మాత్రం ఏమీ మాట్లాడలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆమెకు మెత్తగా మాట్లాడటం చేతకాదు. పిల్లల బదులు తల్లులు జవాబు చెప్తే ఊరుకునేవారు కాదు. "నేను పిల్లను అడుగుతున్న, నిన్ను గాదు" అనేవారు. మాటలు రాని పిల్లలను కూడా అలాగే అడిగేవారు. స్టెతస్కోపు బిళ్లను మాత్రం ముందు తన అరచేతిలో పట్టుకుని, వెచ్చబడ్డాకే పిల్లల ఛాతీకి ఆనించేవారు.

మాకు ఆమెతో పని పడింది మా అత్త చేసిన పొరపాటు వల్ల. మా అమ్మాయికి ఏడాది నిండాక ఉడికించిన గుడ్డు పెడితే మూతి చుట్టూ దద్దుర్లు లేచాయి. దిష్టి తగిలిందన్నది అత్త. ఒక గుడ్డును పిల్ల చుట్టూ తిప్పి, మూడు బాటలు కలిసే చోట పడేసి వచ్చింది. దద్దుర్లు తగ్గాయి. దాంతో దిష్టేనని ఇంట్లో అందరం నమ్మాం. మర్నాడు పిల్ల నీరసంగా ఉందని, వెచ్చని పాలలో పచ్చి గుడ్డు గిలకొట్టి అత్తే తాగించింది. బక్క పిల్లలకు బలం రావాలని మా వైపు అందరూ చేసేదే. కాసేపటికే పెదవులు ఉబ్బాయి, ఊపిరి ఈలలా వినిపించింది. ఎవరిదో జీపు దొరికింది కాబట్టి గద్వాల చేరాం.

తొడకు సూది వేసి, ఊపిరి కుదుటపడ్డాక, పిల్లకు ఏం పెట్టారని అడిగారు డాక్టరమ్మ. అత్తే ముందుకొచ్చి చెప్పింది. డాక్టరమ్మ తిడతారనుకున్నాను, నిజానికి తిట్టాలనే కోరుకున్నాను. ఆమె కుర్చీ లాక్కుని అత్త ఎదురుగా కూర్చున్నారు.

"పెద్దమ్మా, ఒంట్ల కావలి కాసే కణాలుంటయి. గవి గుడ్డును చూసి దొంగ అనుకున్నయి, మీద పడ్డయి. నీ తప్పేం లేదు. ఇంకో తీరు కణాలుంటయి, ఊర్ల పెద్దమనుషుల లెక్క. గవి వచ్చి జర ఆగుండ్రి అంటే ఈ కావలివి ఊకుంటయి. పిల్ల పెరుగుతుంటే గా పెద్దమనిషి కణాలు తయారైతయేమో, సూద్దాం."

"కాకుంటే?" అన్నది అత్త.

"కాకుంటే గుడ్డు లేకుండనే బతుకుతది."

ఆ తర్వాత మా ఇంట్లోకి గుడ్డు రాలేదు. బేకరీ బిస్కెట్టు కూడా గుడ్డు కలిపారా అని అడగనిదే కొనేవాళ్లం కాదు. పెళ్లిళ్లకు పోయినా పిల్లను కాచుకోవడమే పని. అత్త మనవరాలికి తన చేత్తో అన్నం కలిపి పెట్టడమే మానేసింది. అడిగితే నడుం నొప్పి అనేది. డాక్టరమ్మ ఏటా పిల్ల ముంజేతి మీద గుడ్డు చుక్క వేసి, సన్నగా గుచ్చి, లేచిన దద్దురు ఎంతుందో చూసేవారు. ఏటికేడు అది చిన్నదవుతూ వచ్చింది.

పిల్ల బడికి పోయే ఈడు వచ్చాక ఒక పొద్దున రమ్మన్నారు. గట్టిగా ఉడికించిన గుడ్డు అత్తనే తెమ్మన్నారు. సూదిలో మందు నింపి బల్ల మీద సిద్ధంగా పెట్టుకున్నారు. ఇంట్లో మాత్రం ఇలా చేయొద్దని నన్ను హెచ్చరించి, అత్త వైపు తిరిగారు.

"పెద్దమ్మా, నువ్వే పెట్టు."

"నా చెయ్యి వద్దు డాక్టరమ్మా."

"నీ చెయ్యే కావాలె."

అత్త గోటి మీద నిలిచేంత ముక్క పెట్టింది. ఆగాం. ఇంకాస్త పెద్ద ముక్క పెట్టింది. మళ్లీ ఆగాం. డాక్టరమ్మ పిల్ల మణికట్టు పట్టుకుని, పక్క గదిలో ఉన్న ఎవరి దగ్గు గురించో నర్సుతో మామూలుగా మాట్లాడుతున్నారు. పొద్దెక్కేసరికి గుడ్డు అయిపోయింది. పిల్ల మూతి మీద ఒక్క దద్దురు లేదు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అప్పుడు డాక్టరమ్మ చెయ్యి తీశారు. పిల్ల మణికట్టు మీద ఎర్రటి మచ్చలు కనిపించాయి, మళ్లీ దద్దుర్లే అనుకున్నాను. తడిమి చూశాను. ఉబ్బు లేదు. అవి ఆమె వేళ్ల అచ్చులు. అంతసేపూ ఎంత గట్టిగా పట్టుకున్నారో అప్పుడు తెలిసింది. నేను చూస్తుండగానే అవి మెల్లగా చర్మంలో కలిసిపోయాయి.