హేమావతి వదిన రివర్స్ గేరు

మా హేమావతి వదిన ఏ పనీ చప్పుడు లేకుండా చేయలేదు. చేయబోయే పనిని ముందు ఊరంతటికీ చెప్పాలి, చేస్తున్నంతసేపూ అరవాలి, చేశాక ఎలా చేసిందీ మళ్ళీ మొదటినుంచీ వినిపించాలి. ఒకసారి పన్ను పీకించుకోవడానికి చిక్కబళ్ళాపురం బయలుదేరి, దారిలో ఉన్న ప్రతి ఇంటిముందూ ఆగి, నోరు తెరిచి, ఆ పన్ను చూపించింది. బస్సు వచ్చేసరికి ఆమె వెనక పెళ్ళివారంత మంది పోగయ్యారు. కండక్టరు బెదిరిపోయి, "ఇంతమందికి సీట్లు లేవమ్మా" అన్నాడు.

"వాళ్ళు రారప్పా. వచ్చేది నేనూ నా పన్నూ. దానికి రిటన్ టికెట్టు కూడా వద్దు" అంది వదిన.

గుట్టు దాచడంలోనూ అంతే. పొద్దున్నే అరుగెక్కి, "నాకొక గుట్టు తెలుసు! ఎవురు అడిగినా చెప్పను!" అని కేకేస్తుంది. అప్పటికి ఎవరూ అడిగి ఉండరు. మధ్యాహ్నానికి ఊరంతా అడుగుతుంది. సాయంత్రమైనా ఆమె చెప్పదు. అదొక హింస.

ఆమె మా పెదనాన్న కొడుకు ఆంజనప్ప అన్న భార్య. అన్న నోరు విప్పితే వచ్చేది "ఊఁ" ఒక్కటే. ఆ ఇంటికి కావలసిన మాటలన్నీ వదినే మాట్లాడాలి కాబట్టి ఆమెను తప్పు పట్టడానికి లేదు. పాతపాళ్య దాటాక వచ్చే మా చిన్న ఊళ్ళో పాల డైరీ నాది. డైరీ ముందు కాస్త ఖాళీ జాగా ఉంది. ఈ కథంతా ఆ జాగాలోనే జరిగింది. జరిగిందని మేమంతా అనుకున్నాం.

వాళ్ళకు టమాటా తోట ఉంది. ఒక ట్రాక్టరూ, దాని వెనక తగిలించే ట్రాలీ ఉన్నాయి. నడిపేవాళ్ళే లేరు. కొడుకు కిశోర్‌ది బెంగుళూరులో కంపెనీ ఉద్యోగం, ఇంటికి ఆదివారం మనిషి. ఆంజనప్ప అన్నకు కళ్ళ ఆపరేషను అయింది. అందుకని ఊళ్ళో నాగరాజ్ అనే డ్రైవరు మీద ఆధారపడేవారు. అతడు "వస్తాండా, దావలో ఉండా" అని ఫోనులో చెప్పాడంటే ఇంకా మంచం దిగలేదని అర్థం. టమాటా కోత రోజుల్లో వేలం సమయానికి చింతామణి మార్కెట్టు చేరకపోతే పండు మెత్తబడిపోతుంది. మెత్తబడిన పండును ఎవరూ ముట్టరు.

ట్రాక్టరును ముందుకు నడపడం పెద్ద విద్యేమీ కాదు. చిక్కంతా ట్రాలీని వెనక్కి పోనివ్వడంలో ఉంది. చక్రం కుడికి తిప్పితే ట్రాలీ ఎడమకు పోతుంది, ఎడమకు తిప్పితే కుడికి. కొంచెం ఎక్కువ తిప్పామా, మోకాలు మడిచినట్టు ట్రాక్టరు మీదికే మడుచుకొస్తుంది. మార్కెట్టులో వేలం జరిగే మండీ అరుగు దాకా వెనక్కి పెట్టందే సరుకు దిగదు.

కిశోర్ భార్య అర్పిత చిక్కబళ్ళాపురం అమ్మాయి. పెళ్ళికి ముందే కారు నేర్చుకుని లైసెన్సు తీసుకుంది. మెత్తటి మనిషి. ఆమె మాట వినాలంటే మనం నడక ఆపాలి. ఒకరోజు నాగరాజ్ రాకపోతే, తానే ట్రాక్టరెక్కి ట్రాలీని పశువుల కొట్టంలోకి వెనక్కి పెట్టబోయింది. కొట్టం గోడ కూలింది. పశువులు బయట మేస్తుండబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ నాగరాజ్ మా డైరీ ముందు నిలబడి ఆ కూలడాన్ని చేతులతో, నోటితో అభినయించి చూపించాడు. సాయంత్రానికి అర్పితకు "గోడమ్మ" అని పేరు పడింది. మరునాటినుంచి ఆ పిల్ల పాలు తెచ్చి, తల ఎత్తకుండా పోసి, తల ఎత్తకుండానే వెళ్ళిపోయేది. ట్రాక్టరు వైపు చూడడం కూడా మానేసింది.

వారం తిరగకముందే వదిన డైరీకి వచ్చి, పాలు పోసే జనమంతా ఉన్న సమయం చూసి, నన్ను పిలిచి ప్రకటించింది.

"రాయప్పా! రేపట్నుంచి నేను ట్రాలీ రివర్సు నేర్చుకుంటాండా. అందరికీ చెప్పు!"

"అందరూ ఈడే ఉండారు వదినా. అయినా ఈ వయసులో నీకెందుకు?"

"వయసు ముందుకు పోతాది, ట్రాలీ ఎనక్కి పోతాది. రెండిటికీ ఏమప్పా సంబంధం?"

పాలు పోసే జనమంతా గొల్లుమన్నారు.

అన్నట్టే ఎల్లెల్, అంటే నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు, తెచ్చుకుంది. ట్రాక్టరుకు ముందొకటి, వెనకొకటి ఎర్రరంగుతో 'ఎల్' అక్షరం రాయించింది. "లైసెన్సు ఉండే మనిషి పక్కన కూచోవల్లంట. అది రూలు. అర్పితా, ఎక్కు!" అంది. అర్పిత మడ్‌గార్డు మీద ముడుచుకుని కూర్చుంది. జనం ఆ పిల్లను చూశారో లేదో నాకు గుర్తులేదు. వదిన సీటులో ఉన్నప్పుడు పక్కనున్నది ఏనుగైనా కనబడదు.

మొదటిరోజు ట్రాలీ నేరుగా వచ్చి మా డైరీ బోర్డును ముద్దు పెట్టుకుంది. వదిన దిగి, ట్రాలీ ఎదుట నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నేను కుడికంటే నువ్వు ఎడమకంటావా? ఎవురింట్లో నేర్చుకొచ్చినావే ఈ ఎదురుమాటలు?"

ఊరంతా నవ్వింది. "ఏమయ్యా, ఎట్లుండాది నా డ్రైవింగు?" అని వదిన మొగుణ్ణి అడిగింది. ఆంజనప్ప అన్న వంగిన బోర్డును చూసి, "ఊఁ" అన్నాడు.

రెండోరోజు ట్రాలీ డైరీ పక్కింటి గోవిందప్ప గడ్డివామిలో దూరింది. సగం వామి ట్రాలీలో పడింది. "ఊరికే లోడు చేసిచ్చినాను, కూలి అడగను" అంది వదిన. ఇంకోరోజు ఎదురింటి ప్రమోద దండెం ట్రాలీకి తగులుకుని తెగింది. ప్రమోద కొత్త చీర వెనక జెండాలా ఎగురుతుంటే, ఆమె "నా చీరా! నా చీరా!" అని పరుగెత్తుతుంటే, వదిన మాత్రం "పక్కకు రాండి, ఈసారి నేరుగా వస్తాండాది!" అని అరుస్తూనే ఉంది. చీర ఒక్కటే నేరుగా వచ్చింది.

జనం దీనికి అలవాటుపడిపోయారు. పొద్దున పాలు పోసినవాళ్ళు ఇళ్ళకు కదిలేవారు కాదు. వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ నిలబడేవారు. పక్క ఊరినుంచి కూడా ఒకరిద్దరు వచ్చారు. నాగరాజ్‌కు అభినయించడానికి కొత్త ఐటమ్‌లు దొరికాయి. వదిన మడిచిన ట్రాలీ, వదిన తిట్లు, వదిన దిగి ఎక్కే తీరు. గోడ సంగతి ఎవరూ ఎత్తడమే లేదు. అర్పిత పాలు పోస్తూ నా ముఖం చూసి, "ఈ పొద్దు ఫ్యాటు ఎంతొచ్చె మామా?" అని అడిగిన రోజు నాకు బాగా గుర్తు. ఆ గొంతు విని చాలా రోజులైంది.

ఎన్ని గుద్దినా వదిన మాత్రం మానలేదు. నవ్వినవాళ్ళతో కలిసి నవ్వేది, మళ్ళీ ఎక్కేది. చేతులు బొబ్బలెక్కితే గుడ్డ చుట్టుకుని ఎక్కేది. తమాషా ముగిసాక, "ట్రాలీ కడగల్ల, తోట కాడికి పోతాండాము!" అని చివరి కేక వేసి, అత్తాకోడళ్ళిద్దరూ తోట దావ పట్టేవారు. మేము నవ్వి నవ్వి నొప్పెట్టిన పొట్టలతో ఇళ్ళకు పోయేవాళ్ళం.

ఇంతలో పెద్ద కోత వచ్చింది. ముందురోజు సాయంత్రమే పెట్టెలన్నీ ట్రాలీకెక్కించారు. తెల్లవారాక నాగరాజ్‌కు ఫోను చేస్తే, "నేను శిడ్లఘట్టకు వేరే లోడు మింద పోతాండా అక్కా, రేపు చూద్దాం" అన్నాడు.

"రేపు చూసేకి నువ్వుంటావు, పండు ఉండదప్పా" అని వదిన ఫోను పెట్టేసింది. పెట్టేసి, వీధిలోకి వచ్చి, "నేనే తీసకపోతాండా మార్కెట్టుకు!" అని అరిచింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ ట్రాలీలో ఉన్నది వాళ్ళ ఎండాకాలమంతా. ఆంజనప్ప అన్న కూడా "ఊఁ" అనలేదు. అన్న ముఖం చూసి నేను, "నాకూ బూసా మూటలు తెచ్చుకోవల్ల, నేనూ వస్తా" అని పెట్టెల మధ్య కూర్చున్నాను. నిజానికి పశువులకు పెట్టే ఆ బూసా నా దగ్గర ఇంకా ఉంది.

రూలు ప్రకారం అర్పిత ఎప్పటిలాగే మడ్‌గార్డు మీద కూర్చుంది. ముందుకు పోయినంతసేపూ వదిన చక్కగానే నడిపింది. చింతామణి మార్కెట్టు చేరాం. ఎక్కడ చూసినా ట్రాలీలు, టెంపోలు, పెట్టెలు, హారన్లు. మా మండీ అరుగు ముందు రెండు లారీల నడుమ ఒక్క ట్రాలీ పట్టే సందు మిగిలింది. లోపల వేలం మొదలవుతోంది.

వదిన పళ్ళు బిగించి వెనక్కి పెట్టింది. ట్రాలీ మడుచుకుంది. ముందుకు తీసి మళ్ళీ పెట్టింది. రెండోవైపు మడుచుకుంది. వెనక వరుసలోంచి హారన్లు మోగాయి. ఒకాయన కన్నడంలో "హిందె హోగమ్మా, హిందె!" అని అరిచాడు. వెనక్కి పోవాలని వదినకూ తెలుసు, ట్రాలీకి కదా తెలియాల్సింది! చుట్టూ నవ్వులు మొదలయ్యాయి. నేను కళ్ళు మూసుకున్నాను.

"అయ్యో నడుమూ! నాకి నడుము పట్టుకునిందప్పో!"

కళ్ళు తెరిచేసరికి వదిన కింద ఉంది. బోర్లించిన పెట్టె మీద కూలబడి, మార్కెట్టు దద్దరిల్లేలా మూలుగుతోంది. హారన్లు ఆగాయి. అందరూ ఆమె చుట్టూ మూగారు. ఒకడు సోడా తెచ్చాడు. కూరగాయలమ్మే ఒక ముసలమ్మ వీపు రుద్దసాగింది. లారీ డ్రైవరొకడు తన నడుమునొప్పి కథ ఎత్తుకున్నాడు. నేనూ ట్రాలీ మీదినుంచి దూకి, "వదినా, యాడ నొప్పి?" అని పరుగెత్తాను.

"ఈడ! కాదు, ఆడ! అబ్బా, అంతటా ఉండాది!"

ఆ గోలలో నా వెనక ఇంజను చప్పుడు మారింది. తిరిగి చూశాను. సీటులో అర్పిత ఉంది. మెడ వెనక్కి తిప్పి, ఒక చెయ్యి మడ్‌గార్డు మీద ఆనించి, చక్రాన్ని రవ్వంత ఎడమకు, రవ్వంత కుడికి తిప్పుతోంది. ట్రాలీ గీత గీసినట్టు రెండు లారీల నడుమకు పోయి, అరుగుకు ఆనుకుని ఆగింది. ఒక్క పెట్టె కదలలేదు. మండీ మనిషి తల కూడా ఎత్తకుండా, "దించండప్పా" అన్నాడు.

వదిన లేచి నిలబడి సోడా మొత్తం తాగి, "సోడా మంచిది, నడుము వదిలింది" అంది.

సరుకు మంచి ధరకే పోయింది. టీకొట్టు దగ్గర అర్పితను అడిగాను. "ఎప్పుడు నేర్చుకున్నావమ్మా నువ్వు?"

"రోజూ తోట కాడ మామా. డైరీ ముందర అత్తమ్మ నడిపేది, తోట కాడ నేను నడిపేదాన్ని. నేను నేర్చుకునేది తెలిస్తే జనం ఆడికీ వస్తారని నేనే వద్దంటి. అప్పుడు అత్తమ్మ ఏమనిందో తెలుసా? 'ముందు నేను పోయి వాళ్ళకు కడుపునిండా నవ్వు పెట్టేస్తాను. నిండిన కడుపుతో తోట దాకా ఎవురు నడిచొస్తారు?' అనింది."

నేను వదిన వైపు తిరిగాను. "అయితే నీకు రివర్సు వచ్చి కూడా రానట్టు నటించినావా?"

వదినకు కోపం వచ్చింది. "ఎవురు నటించింది? నాకి నిజంగానే రాలేదప్పా! ఆ చీర కూడా నిజంగానే తగులుకునింది. ఊరు ఎవురినో ఒకర్ని చూసి నవ్వల్ల గదా. ఈ బిడ్డను చూసి నవ్వితే ఈయమ్మి ఇంట్లో దూరి బయటికి రాదు. నన్ను చూసి నవ్వితే నేనూ నవ్వతా. దీన్ని పెద్ద కత చేయొద్దు, బజ్జీ తిను."

తిరుగుదారిలో అర్పితే నడిపింది. ఊళ్ళోకి వచ్చేసరికి డైరీ ముందు జనం ఎదురుచూస్తున్నారు. గోవిందప్ప ఇంటినుంచి కుర్చీ తెచ్చుకుని మరీ ముందు వరుసలో కూర్చున్నాడు. అర్పిత, నేను సాకు కోసం కొన్న బూసా మూటలు దించడానికి ట్రాలీని డైరీ గుమ్మం దాకా వెనక్కి పెట్టి, నేరుగా ఆపింది. ప్రమోద ముందుకొచ్చి, "మా బోరుబావి కాడికి ఇటుకలు తేవల్ల అర్పితా, నువ్వొస్తావా?" అని అడిగింది. అర్పిత అందరికీ వినబడేంత గట్టిగా, "వస్తానక్కా" అంది.

గోవిందప్పకు ఇంకా ఆశ చావలేదు. "ఏమ్మా హేమావతమ్మా, ఈ పొద్దు ఏమీ గుద్దల్యా?"

వదిన మడ్‌గార్డు మీదినుంచి దిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"ఈ పొద్దు మా అర్పితది, గోవిందప్పా. రేపట్నుంచి ఈయమ్మి నేర్పిస్తాది, నేను నేర్చుకుంటా. తప్పకుండా రా. కుర్చీ మాత్రం కొంచెం దూరంగా వేసుకో."