పిన్ని ఒక్కతే పట్టిన సూర

మా పిన్ని దర్జీ. రేవుకు రెండు వీధుల అవతల, మందుల షాపు పక్కనున్న చిన్న గదిలో ముప్ఫయ్యేళ్ళుగా బట్టలు కుడుతోంది. కిటికీ దగ్గర రెండు మిషన్లు, మేకులకు సగం కుట్టిన కోట్లు, బల్ల మీద చిరిగి అట్ట ఊడిన కొలతల పుస్తకం. మనిషి బక్కపలచన. ఫ్యాను గాలికి ఎగిరిపోతుందేమో అనిపిస్తుంది. కానీ ఆవిడది ఉడుం పట్టు. కత్తెర పట్టినా అంతే, మాట పట్టినా అంతే.

బాబాయి ఆ రేవులోనే ప్రయాణికుల లాంచీకి ఇంజను మెకానిక్‌గా పనిచేశాడు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ కలిసి ఒక పాత మోటారు పడవ కొన్నారు. ఆదివారం తెల్లవారితే చాలు, ఒడ్డు కనిపించనంత దూరం వెళ్ళి పెద్ద చేపలకు గాలం వేసేవారు. బతుకుతెరువు కోసం కాదు. తిన్నంత తిని, మిగిలింది ఇరుగుపొరుగుకు పంచేవారు. కొందరికి పేకాట పిచ్చి, వీళ్ళకిది. బాబాయి స్టీరింగు దగ్గర, పిన్ని గాలపు కర్ర దగ్గర. ఆవిడ "ఎడం" అంటే ఎడమకు తిప్పేవాడు, "ఆపండి" అంటే ఆపేవాడు. కొన్నాళ్ళకు ఆ మాటలు కూడా అవసరం లేకపోయాయి. ఆవిడ భుజం ఎటు వాలితే పడవ అటు తిరిగేది. ఇంట్లో ఒక్క మాటా వినని మనిషి పడవెక్కగానే చెప్పకుండానే వింటాడని పిన్ని నవ్వేది.

ఇలా ఇరవై రెండేళ్ళు గడిచాక బాబాయికి గుండె ఆపరేషను అయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక్కటే గట్టిగా చెప్పాడు. "మెట్లెక్కండి, బజారుకెళ్ళండి, మీ ఇష్టం. సముద్రం మీదకు మాత్రం వెళ్ళొద్దు. అక్కడ ఏదన్నా అయితే మిమ్మల్ని ఇక్కడికి తెచ్చేలోపే సమయం మించిపోతుంది."

నేను వాళ్ళ ఇంట్లోనే పై వాటాలో ఉంటాను. ఆ సాయంత్రం కిందకు దిగేసరికి ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు.

"పడవ అమ్మేద్దాం," అన్నాడు బాబాయి.

"ఎందుకు?"

"నేను వెళ్ళకూడదు కదా."

"వద్దన్నది మిమ్మల్ని. నన్నెవరూ వద్దనలేదే."

"చేప పడితే కర్ర పట్టుకుంటావా, పడవ నడుపుతావా? రెండు పడవల మీద కాళ్ళంటారే, ఒక్క పడవలోనే అలాగవుతుంది నీ పని."

"అదే ఆలోచిస్తున్నా," అంది పిన్ని, కంచం తీస్తూ.

ఎవరినైనా తోడు తీసుకెళ్ళమని నేను సలహా ఇచ్చాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "మాట అవసరం లేని మనిషితో అన్నేళ్ళు చేశాక, ఇప్పుడు ఇంకొకరికి ఒక్కొక్కటీ నోటితో చెప్పి చేయించుకోలేనే. అంతకన్నా నేనే చేసుకోవడం తేలిక."

తేలిక కాదని ఆవిడకూ తెలుసు. పడవ నడుస్తుండగా వెనకాల ఎరలు ఈదుతూ రావాలి. చేప ఎర పట్టగానే మోటారు న్యూట్రల్‌లో పడాలి, రెండో గాలం చుట్టేయాలి, దారం నీళ్ళలో తిరిగే మోటారు పంకా రెక్కల్లోకి పోకుండా పడవ తిరగాలి, చేపకు ఒక్క క్షణం కూడా దారం వదులు కాకూడదు. ఇద్దరు నాలుగు చేతులతో చేసేదాన్ని రెండు చేతులతో చేయాలి. పైగా కాలు జారి నీళ్ళలో పడితే వెనక్కి తిప్పి ఎక్కించుకునేవాళ్ళుండరు. మనిషిని వదిలేసి పడవ తన దారిన తను పోతుంది.

అందుకని పిన్ని ముందు రేవు లోపలే సాధన మొదలుపెట్టింది. గాలపు దారం చివర ఇనప బకెట్టు కట్టి నీళ్ళలో వదిలి, మోటారు దగ్గరి నుంచి కర్ర దగ్గరికి, కర్ర దగ్గరి నుంచి మోటారు దగ్గరికి ఎన్ని అడుగులో లెక్కపెట్టుకుంది. ఐదు. ఆ ఐదడుగుల్లో కాలికి తగిలే ప్రతి వస్తువునూ తీసేసింది. నడుముకు రెండు తాళ్ళు కట్టుకుంది. ఒకటి మనిషిని పడవకు కట్టి ఉంచేది. రెండోది మోటారు మీటకు తగిలించి ఉంటుంది. మనిషి పడితే అది ఊడి మోటారు ఆగిపోతుంది.

రేవులో పెట్రోలు పోసే పొడుగాయన గట్టు మీద నుంచి రోజూ ఈ తమాషా చూసేవాడు. "ఏమ్మా, ఇవాళ బకెట్టు ఎన్ని కిలోలుంది?" అని అడిగాడొకరోజు.

"నీ బుర్ర కన్నా కాస్త ఎక్కువే. అందులో కనీసం నీళ్ళున్నాయి," అంది పిన్ని. ఆయన కూడా నవ్వేశాడు. ఆ తర్వాత ఎవరైనా ఆవిడ గురించి వెటకారంగా మాట్లాడితే ఆయనే అడ్డుకునేవాడు.

మొదటిసారి ఒంటరిగా బయటకు వెళ్ళిన రోజున, చేప పడిన హడావిడిలో పిన్ని మోటారును న్యూట్రల్‌లో పెట్టడం మరిచిపోయింది. దారం పడవ కిందకు పోయి పంకాకు చుట్టుకుంది. మోటారు ఆపి, పైకి లేపి, వెనక అంచు మీద బోర్లా పడుకుని, దర్జీ కత్తెరతో ఒక్కొక్క చుట్టూ కత్తిరించింది. అలలు పడవను ఎత్తి దింపుతుంటే ముఖం నీళ్ళలో మునిగి తేలుతోంది. గంటన్నర పట్టింది. అప్పటికి చేపా లేదు, ఎరా లేదు. ఇంటికొచ్చి తలంటుకుని పడుకుంది. మర్నాడు మోటారు మీట పక్కన ఎర్రగుడ్డ ముక్క ఒకటి కట్టింది.

రెండోసారి దారాన్ని జాగ్రత్తగానే నడిపింది. చేప పడవ పక్కదాకా వచ్చింది. ఒక చేత్తో కర్ర పట్టుకుని, రెండో చేత్తో, చేపను గుచ్చి పైకి లాగే కొక్కెం కర్ర ఎత్తింది. ఆ బరువు ఒంటిచేతికి ఆగలేదు. కొక్కెం చేప వీపు మీద గీసుకుపోయింది. అది ఒక్క గుంజు గుంజింది. గాలం దగ్గరి చివరి దారాన్ని పిన్ని చేతికి చుట్టుకోకుండా పట్టుకుందామనుకుంది కానీ, అదే వచ్చి చూపుడువేలికి మెలిపడింది. తెగింది కాబట్టి సరిపోయింది. లేకపోతే వేలే పోయేది. చేతికందింది నోటికందకుండా పోయింది.

వేలికి మూడు కుట్లు పడ్డాయి. ఇంటికొచ్చాక ఆవిడ కట్టు కాస్త తప్పించి ఆ కుట్లను దీపం కింద తిప్పి తిప్పి చూసింది. "దూరం దూరంగా వేశాడు. నా దగ్గర పనికి పెట్టుకోను," అంది.

బాబాయి నవ్వలేదు. "ఇక చాలు," అన్నాడు.

"ఏం చాలు?"

"నువ్వు అక్కడ, నేనిక్కడ. గడియారం చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో నీకు తెలీదు."

పిన్ని కట్టు కట్టిన వేలు బల్ల మీద పెట్టి, నెమ్మదిగా అంది. "ఆపరేషను థియేటరు బయట నాలుగ్గంటలు కూర్చున్నాను. నాకు తెలుసు. అయినా మీరు లోపలికి వెళ్ళొద్దని నేననలేదు."

"అదీ ఇదీ ఒకటా?"

"కాదు. కానీ ఇది మానేస్తే నేను రోజూ ఈ మిషను ముందే ముసలిదాన్నవుతాను. మీ మీద కోపంతో అవుతాను. అది మనిద్దరికీ మంచిది కాదు."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండిదాని సంగతి బాబాయికి వేరే చెప్పక్కర్లేదు. రెండు రోజులు ముభావంగా తిరిగాడు. మూడో రోజున పాత సామాన్ల గదిలోంచి సుత్తి చప్పుడు వినిపించింది. లాంచీలో తీసేసిన ఇనప చేయి ఒకటి తెచ్చి, దానికి బరువు తేలికచేసే జంట కప్పీ బిగించి, పడవ అంచుకు బోల్టులు వేశాడు. కొక్కెం కర్రను కూడా మార్చాడు. ఇప్పుడు కొక్కెం చేపలో దిగగానే కర్ర ఊడి చేతికొస్తుంది, కొక్కేనికి కట్టిన తాడు కప్పీ మీదుగా పోతుంది. చేపను మోసేది ఇక చెయ్యి కాదు, కప్పీ.

"ఇదంతా ఊరికే కాదు," అన్నాడు. "అరగంటకోసారి నేను వైర్‌లెస్‌లో పిలుస్తాను. నువ్వు పలకాలి. ఒకసారి పలక్కపోతే ఊరుకుంటాను. రెండోసారి కూడా పలక్కపోతే రక్షణ పడవను పంపిస్తాను. పంపించి, దాంట్లో నేనూ ఎక్కుతాను."

"మీరెక్కకూడదు."

"అందుకే పలకమంటున్నా."

వేలు మానిన రెండో ఆదివారం పిన్ని మళ్ళీ వెళ్ళింది. గంటంపావు ప్రయాణం. నీళ్ళు ముదురు నీలంగా మారిన చోట పక్షులు గుంపుగా వాలి లేస్తున్నాయి. ఎనిమిదిన్నరకు బాబాయి పిలిస్తే పలికింది. పది నిమిషాలకు కుడివైపు రీలు కీచుమంది.

ఎర్రగుడ్డ చూసింది. మోటారు న్యూట్రల్‌లో పెట్టింది. ఐదడుగులు వేసి ఎడమ గాలం చుట్టేసింది, కుడి కర్ర తీసి నడుము పట్టాలో దోపుకుంది. అప్పటికే సగం దారం పోయింది. చేప పైకి ఎగరలేదు, నేరుగా లోతుకు దిగుతోంది. సూర, అదే ట్యూనా, అని అర్థమైంది, అదీ పెద్దది. సూరకు విన్యాసాలు రావు, లాగడమొక్కటే వచ్చు.

కర్ర ఎత్తడం, దించుతూ రెండు చుట్లు చుట్టడం, మళ్ళీ ఎత్తడం. తొమ్మిదయింది. స్టీరింగు పక్కన సంచిలో వేలాడుతున్న వైర్‌లెస్ పలికింది. "ఉన్నావా?" ఆవిడ రెండు చేతులూ కర్ర మీద ఉన్నాయి. ఆ సెట్టు అక్కడ ఎందుకుందంటే, ఎప్పుడూ అక్కడ నిలబడేది బాబాయి కాబట్టి. దాని చోటు మార్చాలని ఇద్దరికీ తట్టలేదు.

పలకలేదు. చుడుతూనే ఉంది. చేతులు మంటలెత్తాయి, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. తొమ్మిదిన్నర దగ్గరపడేసరికి పోయిన దారంలో ముప్పావు వంతు తిరిగి రీలులోకి వచ్చింది. ఇంకాసేపు పట్టు సడలకుండా ఉంటే చేప నీడ కనపడుతుంది. అప్పుడు మళ్ళీ పిలుపు వచ్చింది.

"ఉన్నావా?" ఆ గొంతులో తేడా ఉంది. ఆస్పత్రిలో మత్తు వదిలాక తనను పిలిచిన గొంతులా ఉందని ఆవిడ తర్వాత నాతో చెప్పింది.

చేపను వదలకుండా అక్కడికి వెళ్ళే దారి ఒక్కటే. కర్రను అంచునున్న గొట్టంలో దించి వెళ్ళాలి. గొట్టంలో ఉన్న కర్ర చేపను ఎదిరించదు, అది లాగినంతా ఇస్తూ పోతుంది. పిన్ని కర్రను గొట్టంలో పెట్టి ఐదడుగులు వేసింది.

"ఉన్నా. చేప పడింది. బాగానే ఉన్నా."

అటు నుంచి ఊపిరి వదిలిన చప్పుడు. "సరే. వెళ్ళు," అన్నాడాయన.

సెట్టును అలాగే తెచ్చుకుని లైఫ్ జాకెట్టు మెడలో దోపుకుంది. తిరిగొచ్చేసరికి రీలు మీద దారం పలచగా మిగిలింది. గంట కష్టం మొత్తం నీళ్ళపాలు. గాలమైతే ఊడలేదు. ఆవిడ కర్ర తీసుకుని, నడుముకు దోపుకుని, మొదటి చుట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.

పదికి పలికింది. పదిన్నరకు పలికింది. పదకొండుకు "ఊఁ" అని మాత్రమే అంది. చేప గానుగెద్దులా పడవ కింద గుండ్రంగా తిరుగుతోంది. అది ఎటు తిరిగితే ఆవిడ అటు అంచు వెంబడి నడిచింది. దారం మోటారు వైపు వచ్చినప్పుడల్లా కర్రను నీళ్ళలోకి వంచి దాటించింది. చుట్టు చుట్టుకీ వలయం చిన్నదైంది. చివరికి నీళ్ళలో పసుపుపచ్చ రెక్కలు మెరిశాయి.

కొక్కెం ఒక్క దెబ్బకే దిగింది. కర్ర ఊడి చేతికొచ్చింది, తాడు బిగుసుకుంది. కప్పీ తాడు లాగుతుంటే పడవే చేప వైపు ఒరిగింది. పిన్ని ఆగింది. తాడును మేకుకు చుట్టి, పెట్రోలు డబ్బాలనూ ఐసు పెట్టెనూ రెండో వైపుకు ఈడ్చి, వచ్చి మళ్ళీ లాగింది. అంచు దాటి చేప పడవలో పడిన చప్పుడు వైర్‌లెస్‌లో బాబాయికి కూడా వినిపించింది. చేప అంచు దాటుతుండగానే ఆవిడ వైర్‌లెస్ మీట నొక్కింది.

"వచ్చింది," అంది.

"ఎంతుంటుంది?"

"నాకన్నా పెద్దది."

"అదేమంత గొప్ప, నీకన్నా చిన్నది ఏముంది," అన్నాడాయన.

రేవులో పొడుగాయన తూచాడు. యాభై ఎనిమిది కిలోలు. పిన్ని యాభై ఒకటి. బాబాయి గట్టు మీద నిలబడి చేపను చూడలేదు, ముందు ఆవిడ చేతులు తిప్పి చూశాడు. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. వారం రోజులు సూది పట్టుకోలేకపోయింది. ఆ వారం రోజులూ ఆవిడ చెబుతుంటే బాబాయే గుండీలు కుట్టాడు. మూడు చొక్కాలు వెనక్కి వచ్చాయి.

మిషను పట్టుకోగలిగిన రోజున ఆవిడ మొదట కుట్టింది, లైఫ్ జాకెట్టు భుజం మీద వైర్‌లెస్‌కు ఒక జేబు.

ఇప్పటికి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో ఒంటరిగా పట్టినవి తొమ్మిది, పోగొట్టుకున్నవి అంతకు రెండింతలు. మొన్న ఆదివారం నేను పొద్దున్నే కిందకు వచ్చేసరికి దుకాణం తలుపులు తీసి ఉన్నాయి. పిన్ని స్కూలు పిల్లల యూనిఫాం అంచులు మడతపెడుతోంది. వెళ్ళలేదేమని అడిగాను.

"రేవు మూతి దాకా వెళ్ళాను. అలలు తెల్లగా విరుగుతున్నాయి. వెనక్కి తిప్పేశాను."

"కాసేపు చూడాల్సింది, తగ్గేవేమో."

"ఇద్దరముంటే చూసేదాన్నే," అని, దారం పంటితో తెంపి, తర్వాతి గౌను అందుకుంది.