సీసా మూత మూశాక పెరిగిన అంకె

ఆ ఉదయం సూలూరులోని ఇంటి ముందు గదిలో ఉన్నవాళ్లం నలుగురం: ఇంటి యజమాని జగన్నాథన్ అన్న, ఆయన తల్లి రంగనాయకి అవ్వ, వ్యాను డ్రైవరు ఏసురాజు, నేను. వస్తువులు: డిజిటల్ సాంద్రత మీటరు ఒకటి, గాజు హైడ్రోమీటరు ఒకటి, మూత బిగించిన ముప్పాతిక లీటరు సీసాలు నలభై ఏడు. నలభై ఎనిమిదో సీసా ముక్కలై చేటలో ఉంది.

నేను కోయంబత్తూరులో ఒక చిన్న క్యాలిబ్రేషన్ ల్యాబులో ఆరేళ్లు పనిచేసి మానేశాను. ఇది నాలుగో ఏడు ఎండాకాలంలో జరిగింది. అప్పటికి నేను జూనియర్ టెక్నీషియన్‌ని. కొలిచే పరికరం నిజం చెబుతోందో లేదో ప్రామాణిక ద్రవాలతో సరిచూసి, సరిగ్గా ఉంటే ఆకుపచ్చ స్టిక్కరు అంటించడం నా పని. మా ఖాతాదారులు ఎక్కువగా పాల డెయిరీలు, నూనె మిల్లులు. ఇంట్లో పానీయం పులియబెట్టే మనిషి జగన్నాథన్ అన్న ఒక్కడే.

ఆయన చేసేది ఇంజి సోడా, అంటే అల్లం, చక్కెర పులియబెట్టిన నురగ నీళ్లు. పులిసేకొద్దీ చక్కెర తగ్గుతుంది, ద్రవం తేలికవుతుంది. నీటిని ఒకటిగా తీసుకుని ఆ బరువును చెప్పే అంకె విశిష్ట గురుత్వం. అంకె వరుసగా మూడు రోజులు కదలకపోతే పులియడం ఆగినట్టు. అప్పుడే సీసాల్లోకి పట్టాలి. చక్కెర మిగిలి ఉండగా మూత బిగిస్తే లోపల గ్యాసు పెరిగి సీసా పేలుతుంది.

రెండు రోజుల ముందు సీసాలు నింపేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. అంకె 1.004 దగ్గర నిలిచింది. నురగ కోసం కొలిచిన చక్కెర పాకం కలిపాక 1.006 అయింది. అది మళ్లీ 1.004కు దిగాలి, అంతే. స్టిక్కరు అంటించి, రికార్డులో సంతకం చేసి వచ్చాను.

ఆ ఉదయం ఒక సీసా పేలింది. మిగతావి మధ్యాహ్నం పన్నెండుకు ఏసురాజు వ్యానులో తిరుప్పూరు పోవాలి. జగన్నాథన్ అన్న చెల్లెలి నిశ్చితార్థం అక్కడ. సీసాల పక్కనే కూర్చుని అవ్వ కూడా వెళ్లాలి.

"ఏం తంబీ, సరిగా ఉండాదని స్టిక్కరు గూడా అంటిస్తివే!" అన్నాడు జగన్నాథన్ అన్న.

"అన్నా, నాకొకటి చెప్పు," అన్నాడు ఏసురాజు. "నేను తోలేది కల్యాణం వ్యానా, క్వారీ వ్యానా? మేలూరు తట్టు రాళ్లు పేల్చేవాళ్లకు గూడా ఎర్రజెండా ఇస్తారు."

మా సెక్షన్ ఇన్‌ఛార్జికి ఫోను చేశాను. మీటరు తీసుకుని ల్యాబుకు వచ్చెయ్యమనీ, సీసాల్లో ఉన్నదానికి మనం బాధ్యులం కామనీ ఆయన అన్నారు. నియమం ప్రకారం అది సరే. కానీ నా సంతకం నమ్మి మూతలు బిగించినవాళ్లు నా ఎదురుగా నిలబడి ఉన్నారు. నేను వెళ్లలేదు.

ఫిర్యాదు వచ్చిన పరికరాన్ని సరిచేయకముందే, దొరికిన స్థితిలోనే పరీక్షించాలి. మీటరులోకి డిస్టిల్డ్ వాటర్ ఎక్కించాను. 1.0000 చూపించింది. మీటరులో తప్పు లేదు.

ఒక సీసాను తడి గోనెసంచిలో చుట్టి మెల్లగా మూత వదిలాను. ద్రవంలో గ్యాసు బుడగలుంటే డిజిటల్ మీటరు అంకెను తక్కువ చేసి చూపుతుంది. అందుకే కాఫీ చల్లార్చినట్టు నమూనాను టంబ్లరులోంచి డవరా గిన్నెలోకి, డవరాలోంచి టంబ్లరులోకి నురగ పోయేదాకా పోశాను. అంకె 1.009. నమ్మకం కలగక గాజు హైడ్రోమీటరుతో చూసి, వేడికి సవరణ వేశాను. అదీ 1.009.

మూత బిగించిన సీసాలో అంకె దిగుతుంది, లేకపోతే నిలుస్తుంది. ఎక్కదు. 1.006తో మూసింది 1.009 అయిందంటే లోపలికి ఏదో వెళ్లినట్టే. అదే పైకి చెప్పాను.

జగన్నాథన్ అన్న తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వేమన్నా వేసితివా?"

"వేసితిని," అంది అవ్వ. "సంబంధి ఇంటికి పోయేది. పెద్దవాళ్ల చేత్తో తీపి పడకుండా పంపుతారా యాడన్నా? మూత బిగించక ముందు తలా ఒక కరుప్పట్టి ముక్క వేస్తిని."

కరుప్పట్టి అంటే తాటి బెల్లం. ఆ ఇళ్లలో వియ్యంకుల ఇంటికి పోయే ఏ పాత్రలోనైనా ఇంటి పెద్ద కాస్త తీపి వేస్తుంది. రెండు రోజుల ముందు నేను రికార్డు రాసుకుంటూ అటు చూడలేదు.

"అన్నిట్లోనా అవ్వా?"

"కరుప్పట్టి అయిపోయేదాకా."

"ఎన్నిట్లో?"

"ఏంటికి రా లెక్క? ఉండేది వేస్తిని, అయిపోయె."

అంత తీపి పూర్తిగా పులిస్తే ఆ సీసాలు ఆగవు, అది ఇంకా సగం కూడా పులియలేదు. ఏ సీసాలో ముక్క పడిందో బయటికి తెలియదు. సీసాలు అప్పటికే రెండుసార్లు పెట్టెలు మారాయి, నింపిన వరుస పోయింది. అన్నీ విప్పాల్సిందే.

చల్లబడితే గ్యాసు ద్రవంలో కరిగి ఒత్తిడి తగ్గుతుంది. ఏసురాజు చేపల అంగడి నుంచి ఐసు దిమ్మలు తెచ్చాడు. సీసాలను పెట్టెలతో సహా తడి గోనెలు కప్పి, చుట్టూ ఐసు పేర్చి గంటన్నర ఉంచాం. అవ్వను పెరటిలోకి పొమ్మన్నాం. ఆమె గుమ్మం దాకా వెళ్లి నిలబడింది.

"నేను చేసిందానికి మీరు చేతులు పెడతారా? తప్పుకో, నేను తెరుస్తాను."

"నువ్వు తెరిస్తే జరిగేది నిశ్చితార్థం కాదు అమ్మా, వేరే ఇంకోటి జరుగుతుంది. ఆడే ఉండు," అన్నాడు జగన్నాథన్ అన్న.

ఆయన తాను పనిచేసే పంపుల ఫౌండ్రీలో వాడే తోలు చేతిజోళ్లు నాకిచ్చాడు. నా బండి హెల్మెటు నేను పెట్టుకున్నాను. ఒక్కో సీసాను గోనె కింద పట్టుకుని, మూత కొద్దిగా వదిలి, సుయ్యిమనే చప్పుడు ఆగేదాకా వేచి, అప్పుడు పూర్తిగా తీశాను. కొన్ని మెల్లగా ఊదాయి. కొన్ని గోనెను పైకి ఎగదోశాయి. ముప్పై ఒకటోది మూత కదిలించకముందే చేతిలో పగిలింది. గాజు గోనెలో ఆగిపోయింది. చేతిజోడు బొటనవేలి దగ్గర చీలింది, చర్మానికి తగల్లేదు. అయిదు నిమిషాలు గోడకు ఆనుకుని కూర్చున్నాను.

"వద్దులే తంబీ, మిగతావి నేను చూస్తా," అని ఏసురాజు చెయ్యి చాచాడు. నేను చేతిజోళ్లు ఇవ్వలేదు. ముప్పై రెండోది అందుకున్నాను.

మూడు గంటలకు ఇంజి సోడా వదులు మూతల స్టీలు క్యానుల్లో తిరుప్పూరు వెళ్లింది. నురగ లేదు. అవ్వ ముందు సీట్లో కూర్చుంది.

మీటరు సరిగ్గా ఉందని చెప్పడం వేరు, ద్రవం సరిగ్గా ఉందని చెప్పడం వేరు. డిజిటల్ అంకె నమూనా తీసిన ఆ క్షణానికి మాత్రమే చెల్లుతుంది. ఆ తరువాత నా రికార్డు ఫారంలో ఒక గడి చేర్చుకున్నాను: నమూనా తీశాక ద్రవాన్ని ఎవరెవరు ముట్టుకుంటారు. ఉద్యోగం మానేసేదాకా ఆ గడిని ఖాళీగా వదలలేదు.

క్యానుల్లో పోయకముందు పగలకుండా మిగిలిన ప్రతి సీసానూ విడిగా కొలిచి రాసుకున్నాను. 1.006 దాటినవి పందొమ్మిది.