లీకుల బాబాయి, పెద్ద డ్రోను

లీకుల బాబాయికి ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఊరికే మాత్రం పెట్టలేదు. ఊళ్ళో ఎవరింటి శ్లాబు కారినా, ఏ గోడౌను రేకుల్లోంచి చుక్క పడినా అందరికీ ముందు గుర్తొచ్చేది ఆయనే. గోడ మీద చెమ్మ మరకని అరచేత్తో తడిమి, "ఇది ఇక్కడిది కాదు, పైన ఆ మూల నుంచి నడుచుకుంటూ వచ్చింది" అనేవాడు, ఆ చెమ్మ తనకేదో దూరపు చుట్టమైనట్టు. ఆ లెక్కన ఆయన భార్యని లీకుల పిన్ని అనేవాళ్ళు. ఆవిడకి ఆ పేరు వింటే ఒళ్ళు మంట. "నేనెక్కడా కారడం లేదు" అని మొహం మీదే అనేసేది. అయినా ఎవరూ మానలేదు.

ఒక వానాకాలం బాబాయి రేకుల షెడ్డు మీంచి జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. అది అతుక్కుంది గానీ, ఇక నిచ్చెన పేరెత్తితే ఊరుకోనని డాక్టరు ఖండితంగా చెప్పేశాడు. నిచ్చెన ఎక్కని లీకుల మనిషిని ఎవరు పిలుస్తారు? బాబాయి మంచం మీద వెల్లకిలా పడుకుని, సొంతింటి శ్లాబుని చూస్తూ రోజులు వెళ్ళదీశాడు. అందులో ఒక్క పగులు కూడా లేదు. అదీ ఒక బాధే.

అప్పుడే పిన్ని తమ్ముడు ఒక డ్రోను తెచ్చిచ్చాడు. అతని పిల్లలు కొన్నాళ్ళు ఆడి, మొహం మొత్తి అటక మీద పడేసినదే అది. అరచేతిలో పట్టేంత ఉంటుంది, ముందు బొత్తాం అంత కెమెరా. "బావగారూ, మీరు కింద కూర్చోండి, ఎక్కే పని ఇది చూసుకుంటుంది" అన్నాడు.

బాబాయి మొదటి రోజే దాన్ని తీసుకెళ్ళి పక్కింటి వాటర్ ట్యాంకుకి కొట్టాడు. రిమోటుకి ఫోను తగిలించే కొక్కెం కాస్తా విరిగిపోయింది. పక్కింటావిడ వచ్చి నాలుగు చివాట్లు పెట్టాక రిమోటు పిన్ని చేతికొచ్చింది. ఏళ్ళ తరబడి కుట్టుమిషను మీద చొక్కాల కాలర్లు తిప్పిన చేతులవి. పిట్టగోడ అంచు వెంబడి కుట్టు వేసినట్టు నడిపింది. బాబాయి నోరు తెరుచుకుని చూశాడు.

అలా వాళ్ళ పని మళ్ళీ మొదలైంది, కాకపోతే కొంచెం విడ్డూరంగా. డ్రోను తీసే బొమ్మ ఫోనులోకి కాస్త ఆలస్యంగా చేరేది. దాన్ని చూసి నడిపితే, గోడ కనబడేసరికి గోడ తగిలేసి ఉండేది. అందుకని పిన్ని ఆకాశంలోకి చూస్తూ నడిపేది. బొమ్మ చూసే పని బాబాయిది. ఎండలో ఫోను కనబడదు కాబట్టి నెత్తి మీదుగా తువ్వాలు ముసుగేసుకుని, లోపల ఫోను పట్టుకుని నిలబడేవాడు. కుడి, ఎడమ అంటే ఇద్దరికీ తగాదా వచ్చేది. ఎవరి కుడి అని? చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. "నా వైపు" అంటే బాబాయి గొంతు వినబడే వైపు, "నీ వైపు" అంటే దానికి ఎదురు వైపు. చూసేవాళ్ళకి నవ్వొచ్చేది. ముసుగులోంచి ఒక మగ గొంతు "నా వైపు రా, ఇంకా నా వైపు, అబ్బా, ఆగు" అంటుంటే, ఒకావిడ మెడ పైకెత్తి ఆకాశంతో కుస్తీ పడుతుండేది. కానీ లీకు దొరికేది. అయిదేళ్ళు అలాగే దొరికింది.

పోయిన నెల ఒక గోడౌను దగ్గర మాత్రం కథ అడ్డం తిరిగింది. ఎండ జరిగిందని బాబాయి కూడా జరిగాడు. ముసుగులోనే నాలుగడుగులు వేసి అక్కడ ఆగి ఉన్న వ్యాను అవతలి నీడలోకి వెళ్ళి, ఆ మాట పిన్నికి చెప్పడం మరిచిపోయి, "నా వైపు రా" అన్నాడు. పిన్ని పాపం మాట తప్పని మనిషి. కొత్త గొంతు వచ్చిన వైపే తెచ్చింది. మధ్యలో పొగగొట్టం ఉంది. చిన్న డ్రోను దాన్ని కొట్టుకుని, రెండు రెక్కలు అక్కడే వదిలేసి, కింద నీళ్ళ తొట్టిలో పడింది. దాన్ని బియ్యం డబ్బాలో రెండు రోజులు ఉంచి చూశారు. లేవలేదు.

అందుకే ఇద్దరూ ఇస్త్రీ బట్టలు కట్టుకుని కొత్తది కొనడానికి బయల్దేరారు. కొట్టు మేడ మీద ఉంది. గాజు బీరువాల్లో డ్రోనులు, వాటి ముందు చల్లగా మాట్లాడే ఒకమ్మాయి. ఆ అమ్మాయి వీళ్ళ అవసరం విని రెండు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి చిన్నది, పాతదానికి అక్కలాంటిది. గాలికి కొట్టుకుపోదు, బొమ్మ కూడా బాగుంటుంది, కానీ చూడాలంటే ఫోనే. రెండోది పెద్దది, ముడుచుకుని కూర్చున్న పిల్లిలా ఉంది.

"దీని ముందు గోడ వస్తే దానంతట అదే ఆగిపోతుంది ఆంటీ. స్క్రీను రిమోటులోనే ఉంది, ఎండలో కూడా కనిపిస్తుంది. బొమ్మ ఆలస్యం కాదు. మీరు పైకి చూస్తూ నిలబడక్కర్లేదు, హాయిగా కుర్చీలో కూర్చుని నడుపుకోవచ్చు" అంది ఆ అమ్మాయి.

"మరి ఫోను ఎవరు చూడాలి?" అన్నాడు బాబాయి.

"ఫోనే అక్కర్లేదు అంకుల్. దీనికి ఒక్కరు చాలు."

మంచి కబురు చెబుతున్నాననుకుంది పాపం.

కొట్టు డాబా మీదికి తీసుకెళ్ళి ఎగరేసి చూపించారు. బాబాయి మెట్లు ఒక్కొక్కటే ఎక్కి వచ్చేసరికి పిన్ని అప్పటికే స్టూలు మీద కూర్చుని రిమోటు పట్టుకుంది. పెద్ద డ్రోను పక్క భవనం పైన గాలిలో నిలబడ్డ చోటే నిలబడింది, మేకు కొట్టినట్టు. "ఏమండీ, ఆ పైపు మొదట్లో చూడండి, సన్న పగులు. పోయిన వానల్లోదే అయ్యుంటుంది, అంచులు ఇంకా నల్లబడలేదు" అంది. బాబాయి వంగి చూశాడు. నిజమే. ఆయన చూపించకుండా, ఆయన చెప్పకుండా, ఆవిడే పట్టుకుంది. అంచుల సంగతి కూడా ఆయనకి నేర్పిన గురువులా చెప్పింది. బాబాయికి గర్వంగానే అనిపించింది. అనిపించకుండా ఎలా ఉంటుంది? కానీ ఆ గర్వం కిందే ఒక భయం కూడా ఉంది. తుంటి విరిగినప్పుడు నిచ్చెన పోయింది. ఇప్పుడు ఫోను కూడా పోతే ఇక తనెందుకు? పొద్దున్నే ఆవిడ పనికి బయల్దేరుతుంటే వీధి గుమ్మం దాకా వచ్చి తలుపేసుకోవడమేనా? ఆ భయం ఆయన ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకోలేని భయం మనిషి చేత వంకలు పెట్టిస్తుంది.

కిందికొచ్చాక మొదలుపెట్టాడు. పెద్దది మోత ఎక్కువట. జనం జడుసుకుంటారట. బరువట. "దానంతట అదే ఆగుతుందంటున్నారు, రేపు దానంతట అదే అలిగితే?" అని కూడా అడిగాడు. కొట్టమ్మాయి నవ్వు ఆపుకోలేక బీరువా వైపు తిరిగింది.

పిన్ని ఆయన మొహంలోకి ఒక్క క్షణం చూసింది. "ఆయన చెప్పిందీ నిజమే. చిన్నదే కట్టివ్వమ్మా" అంది.

అంత తొందరగా ఒప్పేసుకునే మనిషి కాదావిడ. కూరగాయల దగ్గర వంకాయ మెరుపు గురించి పూటంతా వాదించగలదు. బాబాయి గెలిచినందుకు ఊపిరి పీల్చుకోబోయి ఆవిడ చెయ్యి చూశాడు. ఆ చెయ్యి మెడ వెనక్కి వెళ్ళి, అక్కడున్న నొప్పిని అలవాటుగా నొక్కుకుంటోంది. ముందు ఏళ్ళ తరబడి మిషను మీదికి వంచిన మెడ, తర్వాత ఆకాశంలోకి ఎత్తిన మెడ. నేరుగా చూడమని డాక్టరు చెబితే, "నేరుగా చూడ్డానికి ఎదురుగా ఏముందండీ, ఈయన తప్ప" అని నవ్వేసి వచ్చింది. రాత్రిళ్ళు మాత్రం దిండు మార్చి మార్చి వేసుకునేది.

బాబాయికి సిగ్గేసింది. ఆవిడకి అంతా తెలుసు. మోతా కాదు, బరువూ కాదని తెలుసు. తెలిసే, తన మెడని ఆయన చేతిలో పెట్టింది. చీర కొంగు సర్దుకున్నంత మామూలుగా పెట్టింది.

"అమ్మా, ఆ చిన్నది లోపల పెట్టెయ్. పెద్దదే ఇవ్వు" అన్నాడు.

"మరి మీరో?" అంది పిన్ని. కొట్టమ్మాయికి ఆ ప్రశ్న అర్థం కాలేదు.

"నేను సంచీ మోస్తాను. స్టూలు కూడా నేనే తెస్తాను. అది దానంతట అదే నడిచి రాదుగా" అన్నాడు బాబాయి.  

కొత్త డ్రోనుతో మొదటి పని ఒక ప్రింటింగ్ ప్రెస్సుది. కాగితం కట్టల మీద నీళ్ళు పడుతున్నాయని మేనేజరు లబోదిబోమంటున్నాడు. బాబాయి స్టూలు వేశాడు, సంచీ దించాడు, పెట్టె విప్పాడు. అక్కడితో ఆయన పని అయిపోయింది. డ్రోను లేచింది. పిన్ని స్టూలు మీద నిటారుగా కూర్చుని స్క్రీనులోకి చూస్తోంది. బాబాయికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనక్కి కట్టుకుని చూశాడు, ముందుకి కట్టుకుని చూశాడు, ఖాళీ సంచీని మళ్ళీ ఒకసారి మడత పెట్టాడు.

మేనేజరు ఊరుకోలేదు. "మేడమ్ డ్రోను నడుపుతున్నారు, సరే. ఇంతకీ మీరేం చేస్తారండీ?" అన్నాడు.

బాబాయి నోరు తెరిచాడు. లీకులు పట్టేది నేనే అనబోయాడు. అనలేకపోయాడు. అబద్ధం ఆడటం ఆయనకి ఎప్పుడూ సరిగ్గా చేత కాలేదు.

"నేను ఆవిడ భర్తనండీ" అన్నాడు.

అదొక ఉద్యోగమా అన్నట్టు మేనేజరు తలాడించాడు. బాబాయి మాత్రం ఆ మాట అన్నందుకైనా ఒకసారి ఆవిడ వైపు చూశాడు. చూసి అలాగే ఉండిపోయాడు. అయిదేళ్ళుగా ఆవిడ డ్రోను నడిపినంతసేపూ ఆయన తువ్వాలు కిందే ఉన్నాడు. వందల కప్పులు చూశాడు గానీ, వాటిని చూపించిన మనిషిని పనిలో ఉండగా ఒక్కసారీ చూడలేదు. ఇప్పుడు చూస్తుంటే, పెదవి మూలన నాలుక చివర బయటపెట్టి, సూదిలోకి దారం ఎక్కించేటప్పటిలా ఉంది. డ్రోను మలుపు తిరిగితే ఆవిడ భుజం కూడా తిరుగుతోంది. "మెల్లగా తల్లీ, మెల్లగా" అని దానితో గుసగుసలాడుతోంది. చెవి పక్కన జుట్టు తెల్లబడింది, ఎప్పుడు తెల్లబడిందో. ఇంత అందమైనదాన్ని వదిలేసి తను ఇన్నాళ్ళూ తారు మరకలు చూస్తూ కూర్చున్నాడా అనుకున్నాడు.

"ఏంటలా చూస్తున్నారు? కప్పు అటుంది" అంది పిన్ని, స్క్రీను మీంచి కళ్ళు తీయకుండానే.

"దాన్ని నువ్వు చూడు. నేను నిన్ను చూస్తాను" అన్నాడు బాబాయి.

 పిన్ని బుగ్గలు ఎర్రబడ్డాయి. స్క్రీనులోకే చూస్తోంది, ఏం చూస్తోందో తెలియకుండా. "మేడమ్, మేడమ్, అది మా బిల్డింగు కాదండీ" అని మేనేజరు అరిచేదాకా డ్రోను తన దారిన తాను పోతూనే ఉంది.