మెట్ల మీద ప్రతిపక్షం

ఆ వీధిలో అతని అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరికీ అతను ప్రతిపక్షం. పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాడు మనిషిని సరిగ్గా చదివాడు. వాన బాగా పడిందని నలుగురూ సంతోషిస్తుంటే, మురుగుకాలవలు పూడిపోయిన ఊళ్ళో వాన పడితే ఎవరికి లాభమో చెప్పమంటాడు. సరేనయ్యా, వానతో ఇబ్బందేనని ఒప్పుకుంటే, అయితే వాన పడకూడదా, తాగే నీళ్ళు మీ తాత తెస్తాడా అని అడ్డం తిరుగుతాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఎవరైనా నాలుగో కాలు చూపిస్తే అసలది కుందేలే కాదంటాడు.

వృత్తికి ఎలక్ట్రీషియన్. పనిమంతుడే. వచ్చిన చిక్కల్లా ఒకచోట నిలవలేకపోవడం. ఎవరింట్లోనో స్విచ్ బోర్డు విప్పుతూ పన్నుల సంగతి ఎత్తుకుంటాడు. బోర్డు విప్పే ఉంటుంది, ఇల్లు చీకట్లోనే ఉంటుంది, ఈలోగా అతను ప్రభుత్వాన్ని పడగొట్టి ఇంకో ప్రభుత్వాన్ని నిలబెట్టి దాన్ని కూడా పడగొట్టేస్తాడు. భార్యకి బస్సు డిపోలో టికెట్ల కౌంటర్ దగ్గర ఉద్యోగం. రోజంతా జనం అరుపులు విని వచ్చే మనిషి, ఇంట్లో మళ్ళీ ఈ గోల నా వల్ల కాదని పెళ్ళైన కొత్తలోనే చేతులెత్తేసింది.

అందుకని వాదనంతా అక్కతోనే. అక్క అతని కంటే ఆరేళ్ళు పెద్దది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు అడిగీ అడిగీ అలసిపోయి మానేశారు. దర్జీ షాపాయన పంపే చొక్కాలకీ కోట్లకీ చేత్తో గుండీల కాజాలు కుడుతుంది. వెలుతురు కోసం ఇంటి ముందు రెండో మెట్టు మీద కూర్చుంటుంది, పక్కన చొక్కాల మూట, ఒళ్ళో దారాల డబ్బా. తండ్రి పోతూ పోతూ ఇల్లు ఇద్దరి పేరునా చెరిసగం రాశాడు. అయినా వాళ్ళ మధ్య పంపకాల మాట ఎప్పుడూ రాలేదు. ముందుగది నిండా తమ్ముడి వైరు చుట్టలూ పైపులూ పాత ఫ్యాన్లూ పేరుకుపోయినా అక్క ఏమీ అనలేదు.

పొద్దున పనికి బయల్దేరే ముందు ఒక విడత, సాయంత్రం వచ్చాక ఒక విడత, మెట్ల దగ్గర నిలబడి వాదించనిదే అతనికి తిన్నది అరగదు. భూమి దున్నేవాడిదా, కొన్నవాడిదా? ఫోన్లు వచ్చి మనుషులు బాగుపడ్డారా, పాడయ్యారా? ఏదో ఒకటి కావాలి. "మా అక్కతో వాదించి గెలవాలంటే మాటలా" అని వీధంతా గొప్పగా చెప్పుకునేవాడు. ఆ మాట మనసారా నమ్మేవాడు కూడా.

ఎదురింట్లో మందుల షాపాయన ఉంటాడు. ఏ ప్రభుత్వం వచ్చినా అదే మంచిదంటాడు కాబట్టి ఆయనకి మన ప్రతిపక్షం పెట్టిన పేరు అధికారపక్షం. ఆయన కొత్త స్కూటరు సీటుని ఎవరో బ్లేడుతో కోసేశారు. ఆయన కెమెరా కొనుక్కొచ్చి, బిగించమని ఇతన్నే పిలిచాడు. మాటలు కూడా వినపడే కెమెరా తీసుకుంటానంటే ఇతనే కొననివ్వలేదు. మనిషి వీధిలోకొస్తే వాడి రూపం వీధిది, మాట మాత్రం వాడి సొంత ఆస్తి అని గంటసేపు చెప్పి, మాట వినపడని కెమెరాయే కొనిపించాడు.

నిచ్చెన మీద ఉండగా ఎదురు మెట్ల మీంచి అక్క పిలిచింది.

"అరే, కొంచెం పక్కకి తిప్పరా. మన మెట్లు పడుతున్నాయి అందులో."

"పడితే ఏమైంది? ఆయన గోడ, ఆయన డబ్బు, ఆయన కెమెరా. సొంత గోడకి మేకు కొట్టుకోడానికి కూడా ఎదురింటివాళ్ళని అడగాలంటే ఇక ఆస్తి అని దేన్నంటామక్కా?"

"పోనీలే తిప్పవయ్యా," అన్నాడు కింద నిచ్చెన పట్టుకున్న షాపాయన. "ఆవిడ కూర్చునే చోటు. నాకు స్కూటరు కనపడితే చాలు."

ఆయన ఆ మాట అనకపోతే తిప్పేవాడేమో. అక్క తరఫున అధికారపక్షం మాట్లాడితే ప్రతిపక్షం ఊరుకుంటుందా? "దాచుకునేవాళ్ళకి కదా భయం. మనకేం దాపరికం?" అంటూ కెమెరాని ఇంకాస్త ఇటే తిప్పి, స్క్రూ గట్టిగా బిగించాడు. దాంతో షాపాయన ఫోన్లో బొమ్మ నిండా వీళ్ళ మెట్లే. ఏ స్కూటరు కోసం కెమెరా కొన్నారో ఆ స్కూటరుకి ఒక మూల వెనక చక్రం మిగిలింది. అక్క సూదిలో దారం ఎక్కించుకుంది.

వర్షాలు మొదలయ్యాక ఒకరోజు పొద్దున అతను టీ గ్లాసుతో బయటికొచ్చేసరికి రెండో మెట్టు ఖాళీగా ఉంది. మర్నాడూ అంతే. అక్క వెనకగదిలో కిటికీ దగ్గర కూర్చుంటోంది.

"ఏంటక్కా, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

"మరి బయట కూర్చోవేం?"

"ఏదోలే."

అతను కొత్త ఇంటిపన్ను మీద చెప్పాల్సిందంతా సిద్ధం చేసుకుని మెట్ల దగ్గర నిలబడితే, ఎదురుగా తడిసిన సిమెంటు తప్ప వినేవాళ్ళు లేరు. వెనకకి వెళ్ళి కిటికీలోంచి మొదలుపెట్టాడు. అక్క "ఊఁ" అంది. కాదని ఒక్క మాటంటే ఎంత బాగుండేది. ఈ "ఊఁ"తో ఏం చేసుకుంటాడు? బయటికీ లోపలికీ కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. పనిలో మనసు నిలవలేదు. ఒకరింట్లో అతను వైర్లు కలిపి వచ్చాక బయట బెల్లు నొక్కితే లోపల ఫ్యాను తిరిగింది. వాళ్ళు ఫోన్ చేసి తిడుతుంటే ఎదురు సమాధానం చెప్పకుండా విన్నాడు. ఆ ఇంటివాళ్ళే కంగారుపడి, ఏమైందండీ అని అడిగారు.

ఆలోచించి ఆలోచించి కారణం కెమెరాయేనని తేల్చుకున్నాడు. ఆడమనిషి తన గుమ్మంలో తాను కూర్చోలేకపోతోంది. చేసింది తానే. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదని తెలిసినా, నేరుగా మందుల షాపుకి వెళ్ళాడు.

"అన్నా, ఆ కెమెరా తిప్పాలి. తన ఇంటి ముందు కూర్చునే మనిషికి కూడా కొన్ని హక్కులుంటాయి."

షాపాయన మాత్రల పెట్టెలు సర్దుతున్నవాడల్లా ఆగి, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "నా గోడ, నా డబ్బు, నా కెమెరా. ఇది ఎవరన్నారో గుర్తుందా?"

"అప్పుడు వేరే సందర్భంలో అన్నాను."

"నువ్వు నిచ్చెన మీదున్నావు, అదేగా సందర్భం," అని ఆయన నవ్వాడు. "తిప్పుకోవయ్యా, నాకేం. కాకపోతే దాంతో నాకు మంచి కాలక్షేపం. షాపులో ఎవరూ లేనప్పుడు చూస్తుంటాను. వీధి గ్రూపులో కూడా పెట్టాను, చూళ్ళేదా?"

ఎలా చూస్తాడు? వాదనలు భరించలేక గ్రూపులోంచి అతన్ని ఎప్పుడో తీసేశారు. షాపాయన తన ఫోన్ తీసి ముందు పెట్టాడు. 'మన వీధి అసెంబ్లీ, వర్షాకాల సమావేశాలు' అని పైన రాసి ఉంది. కింద అందరూ పడీపడీ నవ్వే బొమ్మలు పెట్టారు. అక్క బయట కూర్చోవడం మానేయడానికి ముందురోజు సాయంత్రం తాలూకు వీడియో అది.

మొదట అతనికీ నవ్వొచ్చింది. ఆనాటి వాదన బాగా గుర్తుంది, బ్రహ్మాండంగా మాట్లాడాననే అనుకున్నాడు. మిషన్లొచ్చి పనులు పోతున్నాయని ఏడిస్తే కాలం ఆగదు, పోయిన పనిని పట్టుకు వేలాడకుండా మనిషి ఇంకో పని నేర్చుకోవాలి, అదీ సారాంశం. కానీ ఫోన్లో మాట లేదు. చేతిలో స్క్రూడ్రైవరు ఊపుతూ ఒక మనిషి మెట్లెక్కుతున్నాడు, దిగుతున్నాడు, నోరు మూత పడడం లేదు. కింద ఒక ఆడమనిషి ఒక చొక్కా పైకెత్తి, దాని మీద ఏదో వేలితో చూపిస్తోంది. అతను చూడలేదు. స్క్రూడ్రైవరు ఆకాశం వైపు ఉంది. ఆమె నోరు తెరిచింది. అతను అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె చొక్కా దించింది. కాసేపాగి మళ్ళీ ఎత్తింది. మళ్ళీ అరచెయ్యి. మూడోసారి ఆమె నోరు తెరిచి, తనంతట తనే మూసేసుకుంది. చొక్కా మడత పెట్టి ఒళ్ళో ఉంచుకుని దాన్నే నిమురుతూ కూర్చుంది. తర్వాత లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ మనిషి ఖాళీ మెట్టుతో ఇంకాసేపు మాట్లాడాడు.

"ఇంకోసారి పెట్టండి," అన్నాడు ప్రతిపక్షం.

"బాగుంది కదా?"

రెండోసారి చూస్తుంటే అతనికి చచ్చేంత సిగ్గేసింది. మా అక్కతో గెలవాలంటే మాటలా అని ఇన్నాళ్ళూ ఊరంతా చాటుకున్నాడే, ఆ అక్క ఎప్పుడైనా ఒక్క వాక్యం పూర్తిచేయగా విన్నాడా? చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా?

నిచ్చెన వేసుకుని కెమెరాని స్కూటరు వైపు తిప్పేశాడు. గబగబా ఇంటికొచ్చి, వెనకగది గుమ్మంలో నిలబడి, ఘనకార్యం చేసినవాడిలా చెప్పాడు.

"అక్కా, తిప్పేశాను. ఇక నువ్వు హాయిగా మెట్ల మీద కూర్చోవచ్చు."

అక్క తల తిప్పి చూసింది. "నన్నడిగావా?"

"ఏంటి?"

"పెట్టేటప్పుడు అడగలేదు. ఇప్పుడు తిప్పేటప్పుడూ అడగలేదు. గోడ ఆయనది, సరే. మెట్లెవరివిరా? నాన్న ఇద్దరికీ కదా రాశాడు."

నాలుక చివర సమాధానాలు వరసకట్టాయి. అన్నీ మంచి సమాధానాలే. ఒక్కొక్కదాన్నీ మింగాడు. మింగుతూ ఉండగా గది కనిపించింది. అక్క పక్కన చొక్కాల మూట లేదు. దారాల డబ్బా మూత పెట్టి అలమారా పైన ఉంది. ఆమె చేతులు రెండూ ఒళ్ళో ఊరికే ఉన్నాయి. ఇన్ని రోజులు కిటికీలోంచి ఇంటిపన్ను గురించి మాట్లాడి, ఇది చూడలేదు.

అతను నేల మీద కూర్చున్నాడు. "ఆ రోజు చొక్కా ఎత్తి నాకేదో చూపించబోయావు. ఏంటక్కా అది?"

ఎప్పుడూ రాని పంపులో నీళ్ళొస్తే చూసినట్టు చూసింది అక్క. అవి ఇంతలోనే ఆగిపోతాయేమోనని కాసేపు ఆగింది కూడా.

"మిషన్ కుట్టిన కాజా," అంది. "దర్జీ షాపాయన మిషన్ కొన్నాడు. ఇలా వస్తున్నాయమ్మా, ఇక చేతి కాజాలు అక్కర్లేదని ఒక చొక్కా పంపించాడు. నీకు చూపిద్దామనుకున్నాను. అప్పుడు నువ్వు మిషన్ల గురించే మాట్లాడుతున్నావు."

"నాకు తెలీదక్కా."

"తెలీదనే అంటున్నాను. పోయిన పనిని పట్టుకు వేలాడకూడదన్నావు. ఎవరి ముందు నిలబడి అంటున్నావో నీకు తెలీదు. చేతిలో పని లేకుండా మెట్ల మీద కూర్చుంటే వీధంతా ఫోన్లలో చూస్తుంది. ఆ కెమెరాకి మాటలు వినపడవు గానీ ఖాళీ చేతులు కనపడతాయి. అందుకే లోపల కూర్చుంటున్నాను."

అతనికి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎప్పటిలాగే కోపమే ముందు నోటిదాకా వచ్చింది. "రేపే వెళ్ళి ఆ దర్జీ షాపాయన్ని నిలదీసి..."

అక్క అరచెయ్యి అడ్డం పెట్టింది. అచ్చం ఫోన్లో అతను పెట్టినట్టే. అతను ఆగిపోయాడు.

"నిలదీయక్కర్లేదు. ఆయన డబ్బు, ఆయన మిషన్. నేను చెప్పేది విను. ముందుగదిలో సగం నాది. మొత్తం నీ సామానే ఉంది. అది ఖాళీ చెయ్యి. చిరుగులు కుడతాను, పొడుగు పొట్టి సరిచేస్తాను, జిప్పులు మారుస్తాను. మిషన్లు కుట్టినవి చిరగవా ఏంటి? చిరిగాక ఎవరో ఒకరు కుట్టాలి కదా."

వైర్లెక్కడ పెట్టుకోవాలి, పైపులెక్కడ పెట్టుకోవాలి, సగం గది అంటే ఏ సగం, గుమ్మం ఉన్న సగమా లేని సగమా, అతని బుర్రలో ప్రశ్నలు కుతకుత ఉడికాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆ గదిలో నాకు రెండు మంచి లైట్లు పెట్టు. వీధిలో అందరిళ్ళకీ పెట్టావు. ఇంకోటి, ఆ కెమెరా మళ్ళీ ఇటే తిప్పమని ఆయనకి నేనే చెప్తాను. షాపు పెట్టాక వీధికి కనపడాలి కదా. ఎలాగూ అందరూ చూస్తూనే ఉన్నారు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి గొంతు తగ్గించి అంది. "ఇన్నేళ్ళూ నీ ఎదురుగానే కూర్చున్నానురా. ఆ గోడ మీంచి చూస్తే గానీ నేను నీకు కనపడలేదు."

అతను ముందుగదిలో వైరు చుట్టలున్న మూలని, వెనకగదిలోంచే, మనసులో కొలుచుకుంటూ కూర్చున్నాడు. మోకాలు దానంతటదే ఊగుతోంది. అంతసేపు నోరు మూసుకోవడం అతనికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ఇక పట్టలేక, బడిలో పిల్లాడిలా చెయ్యి కొంచెం పైకెత్తాడు.

"అక్కా, ఇప్పుడు నేను మాట్లాడొచ్చా?"

"ఇంకా అవ్వలేదు," అంది అక్క.