ఆవు ఏ నెలలో పడింది?

పాతపట్నానికి ఆటోలో పావుగంట దూరంలో ఉన్న ఆ ఊళ్ళో మే నెల మధ్యాహ్నం చాలా నెమ్మదిగా నడుస్తుంది. పశువుల పాక నీడ ఒక జానెడు జరగడానికి ఎంతో ఆలోచించుకుంటుంది. ఆ నీడలో నులకమంచం వేసుకుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని, నీలవేణి తన మార్కుల వంక చూస్తూ కూర్చుంది.

నూట ఇరవైకి నలభై ఏడు. కిందటి వారం నమూనా పరీక్షలో నలభై తొమ్మిది. చదివే కొద్దీ తగ్గుతున్నాయి.

లా చదువు ప్రవేశపరీక్ష లాసెట్‌కి ఇంక నెల కూడా లేదు. పాసవడానికి ఆ మార్కులు చాలు. కానీ శ్రీకాకుళం కాలేజీలో సీటు రావాలంటే అరవై దాటాలని ఆడపడుచు శ్రావణి అంచనా. శ్రావణి టెక్కలి కోర్టులో జూనియర్ లాయరు. అరవై రాకపోతే సీటు విశాఖపట్నంలోనో ఇంకా అవతలో వస్తుంది. నీలవేణి భర్త నరసింగరావు అడ్డు చెప్పే మనిషి కాదు. ఒక్కటే అన్నాడు.

"సికాకోలైతే పొద్దున్న బస్సెక్కి సాయంత్రానికి వచ్చీగలవు. వైజాగంటే మరి ఈ పాడి, ఈ అమ్మ, ఈ పిల్లలు. నువ్వే సెప్పు."

నీలవేణికి తెలుసు, అతను అన్నది నిజమే. ఆ నిజానికీ తన కోరికకీ మధ్య అరవై అనే అంకె ఒక్కటే ఉంది, ఏటి మధ్యలో బండరాయిలా. దాని మీద కాలు పెట్టగలిగితే అవతలి ఒడ్డు అందుతుంది.

ఆమెకి ముప్ఫై ఆరేళ్ళు. పెళ్ళయ్యాక దూరవిద్యలో బి.ఏ. చదివింది. ఊళ్ళో ఆమె మాటకి విలువుంది. గట్టు జరిగిందన్నా, నీటి వంతు తప్పిందన్నా, ఇదివరకు ఆమె మావగారిని పిలిచేవారు. ఆయన పోయాక ఆమెని పిలుస్తున్నారు. ఆమె గట్టు మీద నిలబడి రెండువైపులా వింటుంది. ఎవరి తాత ఎవరికి ఏ మాటిచ్చాడో, ఎవరి కోపం వెనక ఏ పాత దుఃఖం ఉందో ఆమెకి తెలుసు. పొద్దు వాలే వేళకి ఆ ఇద్దరూ ఒకే దారిన ఇళ్ళకి నడిచిపోతారు.

అలాంటి మనిషి మూడేళ్ళ క్రితం ఒక గట్టు కేసులో సాక్షిగా టెక్కలి కోర్టుకి వెళ్ళింది. తెలిసినదంతా చెప్పబోతే, "అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పమ్మా" అన్నారు. ఆమెకి కోపం రాలేదు. ఆశ్చర్యం వేసింది. మడికే కాదు, మాటకీ గట్లు ఉంటాయన్నమాట. ఆ గట్లు ఎవరు వేశారో, ఎక్కడ వేశారో తెలుసుకోవాలనిపించింది. అక్కడ మొదలైంది ఈ చదువు.

ఆదివారం శ్రావణి పుట్టింటికి వచ్చింది. ముంజలు తింటూ, తడి వేళ్ళు చీరకి తుడుచుకుంటూ, వదిన ఫోనులో తప్పు జవాబులన్నీ చూసింది.

"వదినా, జి.కె. బాగున్నాది. వార్తలూ పరవాలేదు. పోయినవన్నీ ఈ లా ప్రశ్నలే. అసలు పేపర్లో ఇవే సులువు."

"సులువే కదా అని టక్కున పెట్టీసాను."

"టక్కున పెట్టలేదు. బాగా ఆలోచించి పెట్టినావు. అదే వచ్చిన గొడవ."

ఆ ప్రశ్నల్లో పైన ఒక సూత్రం ఇస్తారు. కింద ఒక సంగతి ఇస్తారు. ఆ సూత్రం ప్రకారం ఈ సంగతిలో ఎవరిది బాధ్యతో గుర్తించాలి, అంతే. శ్రావణి ఒక ప్రశ్న పైకి చదివింది. ఒకరి పశువు ఇంకొకరి భూమిలో పడి నష్టం చేస్తే పశువు యజమాని పరిహారం ఇవ్వాలి. అది సూత్రం. 'ఎ' అనే వ్యక్తి ఆవు 'బి' అనే వ్యక్తి వంగతోటలో పడి మొక్కలు తినేసింది. తోటకి కంచె లేదు. 'ఎ' పరిహారం ఇవ్వాలా?

"అక్కర్లేదని పెట్టినావేటి?"

"ఏ నెలలో పడిందో రాయలేదు కదా."

"నెలతో ఏటి పని?"

"అదేటలాగంటావు? వరి ఉన్నప్పుడు పడితే ఆవు గలవాడిదే తప్పు. అపరాలు తీసీసినాక పడితే కంచె వేసుకోనోడిది తప్పు. నెల సెప్పకుండా తీర్పెలా సెప్తాం?"

శ్రావణి ఆ ఊళ్ళో పుట్టిన పిల్లే. ఆమెకీ తెలుసు. వరి కోతలయ్యాక ఆ మడుల్లోనే మినుములూ పెసలూ పండుతాయి. అవి కూడా ఇంటికి చేరాక పశువుల పలుపులు విప్పేస్తారు. అప్పటినుంచి తొలకరి దాకా వాటికి కట్టు లేదు, పొలానికి హద్దు లేదు. కోసిన వరి మోడుల మీదా గట్ల మీదా అవి మబ్బుల్లా తిరుగుతాయి. ఆ రోజుల్లో ఎవరైనా కూరపాదులు పెట్టుకుంటే కంచె వాళ్ళే వేసుకోవాలి. ఆవుని తిట్టకూడదు, ఆవు గలవాడిని అడగకూడదు. ఎవరూ రాయలేదు గానీ అందరికీ తెలుసు.

"ఈ పేపర్లో నెలల్లేవు వదినా" అంది శ్రావణి నవ్వాపుకుంటూ. "సరే, ఇది సూడు. ఊరికే ఇస్తానన్న మాట చెల్లదని సూత్రం ఇచ్చాడు. మేనమామ తన మేనకోడలికి గొలుసు ఇస్తానని ఇవ్వలేదు. నువ్వు ఇచ్చి తీరాలని పెట్టినావు."

"పెళ్ళిలో పదిమందిలో అన్నాడని రాసాడు కదా. పదిమందిలో అన్నాక ఇవ్వడా? ఆ మామ మొహం చూస్తేనే తెలస్తంది, ఎగ్గొట్టే రకం."

"మామకి మొహం ఎక్కడున్నాది?"

నీలవేణి ఫోను వెనక్కి తీసుకుంది. నిజానికి మొహం ఉంది. 'ఎ' అనగానే ఆమెకి పక్కవీధి గంగులు కనిపిస్తాడు, భుజాన తువ్వాలు, ఎప్పుడూ తెగిపోయే పలుపుతో ఒక ఎర్రావు. 'బి' అనగానే ఇంకెవరో కనిపిస్తారు. అక్షరాలు ఆమె దగ్గరికి రాగానే మనుషులైపోయేవి. మనుషులయ్యాక వాళ్ళకి ఇళ్ళూ, ఆకళ్ళూ, నెలలూ వచ్చేసేవి.

"సూత్రం దాటి అడుగెయ్యకు" అని చెప్పి శ్రావణి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. నీలవేణి సరేనంది. మర్నాడు మళ్ళీ రాసింది. నలభై ఎనిమిది.

అత్తగారు లక్ష్మణమ్మకి చదువు రాదు, పులీ మేకా ఆట వచ్చు. వీధి అరుగు గచ్చు మీద ఆమె కాపురానికి వచ్చిన ఏడాది గీసిన గీతలు ఇంకా ఉన్నాయి. గులకరాళ్ళు పులులు, చింతపిక్కలు మేకలు. మేకకి అవతలి గడి ఖాళీగా ఉంటే పులి దాని మీంచి దూకి తినేస్తుంది. పులులు కదలకుండా మేకలు చుట్టుముడితే మేకలది గెలుపు. లక్ష్మణమ్మ ఎప్పుడూ మేకలే తీసుకుంటుంది. ఓడిపోయే వేళకి న్యాయాలు మాట్లాడుతుంది.

"ఒలే, రెండు రోజుల్నించి ఆ ఫోనుకేసి సూసి సూసి కళ్ళు గుంటలడిపోనాయి. రా, ఒక్కాట."

నీలవేణి వెళ్ళి కూర్చుంది. గోడ మీంచి వేపపూల ఆఖరి వాసన, ఎక్కడో దూరంగా మెడగంటల చప్పుడు. కాసేపటికి ఆమె పులి ఒక మేక పక్కకి చేరింది. అవతల గడి ఖాళీ. నీలవేణి గులకరాయి ఎత్తింది.

లక్ష్మణమ్మ చింతపిక్క మీద అరచెయ్యి కప్పేసింది.

"దాన్ని ఒగ్గీ. అది సూడి మేక."

"ఏటీ?"

"కడుపుతో ఉన్నాది. ఎలా తింటాది పులి? పాపం కాదేటి?"

"నీకెప్పుడూ ఇదే అత్తా. ఆటలో సూడి మేకలుండవు. మేకంటే మేకే. గడి ఖాళీగా ఉన్నాదా నేదా, అదొక్కటే సూడాలి."

ఆ మాట తన నోటి నుంచే వచ్చింది. నీలవేణి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. గులకరాయి వేళ్ళ మధ్య చల్లగా ఉంది. గచ్చు మీద గీతలు హఠాత్తుగా చాలా స్పష్టంగా, చాలా దయలేకుండా, అయినా ఏదో అందంగా కనిపించాయి.

"ఏటలాగైపోనావు? తినకపోతే మానీ. నా వంతు" అంది లక్ష్మణమ్మ, దొరికిందే సందని.

ఆ మేక బతికింది. ఆ ఆట నీలవేణి ఓడిపోయింది. లేచి వెళ్తూ రెండు చింతపిక్కలు తీసుకుంది.

"నా మేకలెక్కడికే?"

"పరీక్షకి."

ఆ మధ్యాహ్నం నులకమంచం మీద ఫోను పక్కన రెండు పిక్కలు పెట్టుకుంది. ఇది 'ఎ', ఇది 'బి'. నున్నగా, నల్లగా, మొహం లేకుండా ఉన్నాయి. వాటికి తాతలు లేరు. వాటికి ఏ నెలా లేదు. ప్రశ్న చదివి, పిక్కల కేసి ఒకసారి చూసి, సూత్రం ఎక్కడికి దూకమంటే అక్కడికి దూకింది. యాభై ఆరు వచ్చాయి. పాకలో గేదె తలెత్తి చూసింది. నీలవేణి దానికే ముందు చెప్పింది.

అన్ని రోజులూ అలా జరగలేదు. ఒకసారి గడ్డివాము ప్రశ్న వచ్చింది. అడగకుండా చేసిన సాయానికి ఖర్చులు రావని సూత్రం. 'బి' గడ్డివాముకి నిప్పంటుకుంటే 'ఎ' తనంతట తాను ఆర్పాడు, చేతులు కాలాయి. నరసింగరావు ఎడమ చేతి మీద అలాంటి మచ్చే ఉంది, పక్కవాళ్ళ గడ్డి కాపాడిన గుర్తు. ఆ రోజు చింతపిక్క మొహం తొడుక్కుంది. దాని వెనకే మిగతా ప్రశ్నల్లో కూడా మనుషులు వచ్చి కూర్చున్నారు. మార్కులు మళ్ళీ యాభై దిగువకి జారాయి.

ఆమె శ్రావణికి ఫోను చేసింది. "మంట ఆర్పడానికి ఎవులైనా అడుగుతారేటి? ఆ సూత్రం రాసినోడు ఎప్పుడైనా నిప్పు సూసాడా?"

అవతల శ్రావణి చివరిదాకా వింది. తర్వాత మెల్లగా అంది.

"వదినా, ఆ ప్రశ్న పారీకు. దాచుకో. మన ఊరి ఆవుల సంగతి కూడా దాచుకో. ఆచారానికి చట్టంలో చోటున్నాది. ఉన్నాదని రుజువు సెయ్యాలి, అంతే. కాకపోతే అది లాయరై నిలబడినాక అడిగే మాట. ఇప్పుడు జవాబు పెట్టీ. అడగాల్సింది తర్వాత అడుగుదాం."

ఆ మాటకి నీలవేణి లోపల ఏదో సర్దుకుంది. తనకి తెలిసినది తప్పని ఎవరూ అనలేదు. కాస్త ఆగమన్నారు. ఆగడం ఆమెకి వచ్చు, వాన కోసం ఆగే ఇంటి మనిషి. ఆ తర్వాత ఆమె ముందు సూత్రానికి జవాబు పెట్టేది. పరీక్ష పూర్తయ్యాక మంచం మీద వెల్లకిలా పడుకుని, పాక కప్పు కేసి చూస్తూ, ఒక్కొక్క 'ఎ'నీ ఒక్కొక్క 'బి'నీ పిలిచి, నెమ్మదిగా వాళ్ళ నెలలు అడిగేది. మే ఆఖరికి అరవై మూడు వచ్చాయి. తర్వాత అరవై ఒకటి. తర్వాత అరవై ఐదు.

జూన్‌లో పరీక్ష రోజు తెల్లారగానే నరసింగరావు బండి మీద ఆమెని పాతపట్నం బస్సుకి తీసుకెళ్ళాడు. అక్కణ్ణించి పరీక్ష కేంద్రం దాకా తనూ వస్తానన్నాడు. ఊరు దాటగానే దారికడ్డంగా పశువులు పడుకుని ఉన్నాయి. ఎర్రావు సరిగ్గా మధ్యలో ఉంది. నరసింగరావు హారన్ కొట్టలేదు. బండి దింపి, మోడుల మీంచి చుట్టూ తిప్పాడు.

"గంగులు ఆవుది తప్పేనా లాయరమ్మా?" అన్నాడు.

"ఇయ్యాల నన్ను అడక్కు. రేపడుగు."

పరీక్షలో ఆవు రాలేదు. మామిడిచెట్టు వచ్చింది. 'ఎ' చెట్టు కొమ్మ 'బి' పెరట్లోకి వంగింది, 'బి' పళ్ళు తీసుకున్నాడు. కోసుకున్నాడా, రాలితే ఏరుకున్నాడా, అన్న మాట నీలవేణి పెదాల దాకా వచ్చింది. పర్సులోని రెండు చింతపిక్కలు పరీక్ష కేంద్రం గేటు దగ్గర నరసింగరావు చేతిలో ఉండిపోయాయి. అయినా అవి ఆమెకి కనిపించాయి. సూత్రం చెప్పిన చోట మౌస్ నొక్కి, తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది.

అరవై ఎనిమిది మార్కులు వచ్చాయి. వానలు పడి, ఊడ్పులయ్యి, వరి పొట్టకొచ్చే వేళకి సీటు వచ్చింది. శ్రీకాకుళమే. నరసింగరావు ఫోనులో ఆ కాగితం రెండుసార్లు చదివి, బస్సు వేళలు కనుక్కోవడానికి వెళ్ళాడు.

ఆ సాయంత్రం లక్ష్మణమ్మ అరుగు మీద పిక్కలు పరిచింది. పశువులన్నీ కట్టుకొయ్యల దగ్గరున్నాయి. ఆకుపచ్చ గాలి వీధిలోకి వస్తూ పోతూ ఉంది. కాసేపటికి నీలవేణి పులి ఒక మేక పక్కకి చేరింది. అవతల గడి ఖాళీ.

"ఒగ్గీ" అంది లక్ష్మణమ్మ. "అది సూడి మేక."

నీలవేణి గులకరాయి ఎత్తిన చెయ్యి దించలేదు. "రుజువేటత్తా?"

లక్ష్మణమ్మ ఆలోచించింది. పక్కనున్న చేటలో వెతికి, అన్నిటికంటే చిన్న చింతపిక్క ఒకటి ఏరింది. దాన్ని తెచ్చి ఆ మేకకి అవతలి ఖాళీ గడిలో పెట్టింది.

"ఇదిగో. ఈనింది."

ఇంక ఖాళీ గడి లేదు. పులికి దూకడానికి దారి లేదు. నీలవేణి చాలాసేపు ఆ చిన్న పిక్క కేసి చూసింది. తర్వాత గులకరాయిని వెనక్కి జరిపింది.